డ్యూటీ మారే అరగంటను రోస్టరులో రాయండి

సంపాదకులకు,

నమస్కారం. ఆసుపత్రిలో రోగి మరణించడం, బంధువులు ఆందోళనకు దిగడం, వైద్యుల నిర్లక్ష్యమే కారణమని ఆరోపించడం, యాజమాన్యం దాన్ని ఖండించడం మీ పత్రిక నగర పేజీల్లో తరచూ చదువుతూనే ఉన్నాం. ఆ వార్తల్లో డాక్టరు ప్రస్తావన ఉంటుంది, ఆసుపత్రి ప్రస్తావన ఉంటుంది. రోగి పరిస్థితి దిగజారుతోందన్న సంగతి మొదట ఎవరి కంట పడింది, వారు దాన్ని ఎవరికి చెప్పారు, విన్నవారు ఏం చేశారు అన్న ఆరా మాత్రం ఉండదు. నగరంలోని ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో స్టాఫ్ నర్సుగా, ఆ తర్వాత హెడ్ నర్సుగా చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఆ సంగతి గురించి కాస్త వివరంగా రాయాలనిపించింది. జబ్బు అంతుపట్టక, మందు పనిచేయక జరిగే నష్టాలు లేవని నేననను. కానీ సంగతి తెలిసినవారు ఒకరు, నిర్ణయం తీసుకోవలసినవారు మరొకరై, ఆ ఇద్దరి నడుమ మాట అందక జరిగే నష్టం కూడా చిన్నదేమీ కాదు. పైగా అది ఆపగలిగిన నష్టం.

మన ఆసుపత్రుల్లో నర్సులకు సాధారణంగా ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు వరకు ఒక డ్యూటీ, రెండు నుంచి రాత్రి ఎనిమిది వరకు ఇంకొకటి, ఎనిమిది నుంచి మర్నాటి ఉదయం ఎనిమిది దాకా నైట్ డ్యూటీ ఉంటాయి. రోస్టరు కాగితం మీద ఈ మూడూ అంచుకు అంచు ఆనుకుని ఉంటాయి. దిగవలసినామె ఎనిమిదింటికే దిగాలి, ఎక్కవలసినామె ఎనిమిదింటికే ఎక్కాలి. మరి వార్డును అప్పగించేది ఎప్పుడో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. అందుకే అప్పగింత ఎప్పుడూ ఎవరో ఒకరి సొంత సమయంలోనే జరుగుతుంది. కొన్నిచోట్ల పావుగంట ముందే రమ్మంటారు, ఆ పావుగంటకు లెక్కా పత్రం ఉండదు. వానాకాలంలో మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లు నిలిచి ట్రాఫిక్ ఆగిపోయిన సాయంత్రం నైట్ డ్యూటీ సిస్టర్ ఎనిమిదింపావుకు పరుగు పరుగున వస్తుంది. ఇంటికి వెళ్లవలసిన సిస్టర్ అప్పటికే బ్యాగు భుజాన వేసుకుని, పిల్లల నుంచి వచ్చిన ఫోనుకు జవాబు చెబుతూ నిలబడి ఉంటుంది.

ఉన్న ఆ కాస్త వ్యవధిలో మొదట జరిగేది వస్తువుల అప్పగింత. మత్తుమందుల బీరువా తాళాలు, ఆ ఇంజెక్షన్ల రిజిస్టరు, థర్మామీటర్లు, బీపీ మిషన్లు, దుప్పట్లు అన్నీ లెక్కపెట్టి సంతకాలు చేస్తారు. అది అవసరమే, తేడా వస్తే జవాబు చెప్పుకోవాలి. రోగుల అప్పగింతకు మాత్రం లెక్క లేదు, సంతకం లేదు. మంచాల వరుస పక్కన నడుస్తూ, ఒక్కోసారి నర్సుల టేబుల్ దగ్గరే నిలబడి, "ఏడు స్టేబుల్, సెలైన్ నడుస్తోంది. ఎనిమిది రేపు డిశ్చార్జి. తొమ్మిది కొత్త అడ్మిషన్, కేస్ షీట్‌లో అంతా ఉంది" అనేస్తే వార్డు చేతులు మారిపోయినట్టే. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఏడో మంచం మీదున్న మనిషికి సాయంత్రం నాలుగింటి నుంచి మూత్రం తగ్గుతూ వస్తోందనీ, నాడి 90 నుంచి 114కు చేరిందనీ, ఆ సంగతి డ్యూటీ డాక్టరుకు ఒకసారి చెప్పగా తొమ్మిదింటికి మళ్లీ చూద్దామన్నారనీ ఆ మాటల్లో ఎక్కడుంది? కేస్ షీట్‌లో అంకెలు ఉండే ఉంటాయి. రాత్రి ముప్పై మంచాల వార్డులో ఒంటరిగా ఉన్న సిస్టర్ ఆ అంకెలను వరుసగా పేర్చుకుని, వాటి వెనకున్న కథను తానే కనిపెట్టాలంటే మందులిచ్చే పని సగమైనా అయ్యాకే కుదురుతుంది.

అదే అప్పగింత ఇలా జరిగిందనుకుందాం: "అందరికన్నా ముందు ఏడో మంచం చూడాలి. నిన్న పేగుకు ఆపరేషన్ అయింది. నాలుగింటి నుంచి గంటకు 20 మిల్లీలీటర్లకు మించి మూత్రం రావడం లేదు, నాడి పెరుగుతోంది, బీపీ ఇంకా నిలకడగానే ఉంది. డ్యూటీ డాక్టరుకు చెప్పాను. తొమ్మిదింటికి కూడా 30 దాటకపోతే ఆగకుండా సర్జన్‌కు ఫోన్ చేయాలి." ఇది విన్న సిస్టర్, "ఏడో మంచం, తొమ్మిదింటికి మూత్రం చూస్తాను, 30 లోపుంటే సర్జన్‌కే ఫోన్" అని తిరిగి చెప్పాలి. నిమిషం పట్టే మాటలివి. పాత డ్యూటీ ఆమెకున్న ఆందోళన కొత్త డ్యూటీ ఆమెకు అందేది ఇలా చెప్పుకున్నప్పుడే. అంకెల కన్నా ఆ ఆందోళన అందడమే ముఖ్యమని నేను నమ్ముతాను.

ఇది నా సొంత నమ్మకం మాత్రమే కాదు. అమెరికా, కెనడాల్లోని 9 పిల్లల ఆసుపత్రుల్లో, శిక్షణలో ఉన్న డాక్టర్లు డ్యూటీ మారేటప్పుడు ఒక నిర్ణీత క్రమంలో అప్పగించే పద్ధతిని ప్రవేశపెట్టి, ముందూ వెనకా పోల్చి చూసిన అధ్యయనం 2014లో వెలువడింది. ఐ-పాస్ అని పిలిచే ఆ పద్ధతిలో రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడన్నది మొదట చెప్పాలి. ఆ తర్వాత జబ్బు సంగ్రహం, చేయవలసిన పనులు, పరిస్థితి మారితే ఏం చేయాలన్న ముందస్తు ఆలోచన వరుసగా రావాలి. చివరగా విన్నవారు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. వైద్యంలో పొరపాట్లు 23 శాతం, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గాయని ఆ అధ్యయనం తేల్చింది. అప్పగింతకు పట్టే సమయం మాత్రం పెద్దగా పెరగలేదు. ఒక్కో రోగికి సుమారు రెండున్నర నిమిషాలే పట్టింది. అది డాక్టర్లపై జరిగిన అధ్యయనమే గాని నర్సులపై కాదు, అక్కడి వార్డు మన వార్డూ కాదు. ముప్పై మంచాలకు రెండున్నర నిమిషాల చొప్పున చూస్తే గంటంబావు అవుతుంది, అది మనకు సాధ్యం కాదు. అందుకే ప్రమాదం ఎక్కువున్నవారిని మొదట చెప్పాలన్న నియమం వాళ్లకన్నా మనకే ఎక్కువ పనికొస్తుంది. వార్డులో ఏ రాత్రయినా నిజంగా కనిపెట్టుకుని ఉండవలసినవారు నలుగురో అయిదుగురో ఉంటారు. వారికి పూర్తి సమయం ఇచ్చి, మిగతావారిని ఒక్కో మాటతో ముగించినా అరగంట సరిపోతుంది.

ఇక అర్ధరాత్రి ఫోను సంగతి. సీనియర్ డాక్టరుకు ఫోన్ చేసిన నర్సు, "సార్, ఏడో బెడ్ పేషెంట్ కొంచెం డల్‌గా ఉన్నాడు సార్" అంటుంది. నిద్రలో ఉన్న డాక్టరు, "సరే, అబ్జర్వ్ చేయండి" అంటాడు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుకున్నారు, ఇద్దరూ తమ పని చేశామనే అనుకున్నారు. అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో వాడిన ఒక పద్ధతిని కొలరాడోలోని కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థ ఆసుపత్రులకు అనువుగా మార్చుకుంది. ఎస్‌బార్ అనే ఆ పద్ధతి ఇలాంటి ఫోన్ల కోసమే. ఇప్పుడేం జరుగుతోంది, రోగి నేపథ్యం ఏమిటి, నాకేం అనిపిస్తోంది, మీరేం చేయాలని కోరుతున్నాను అన్న నాలుగు మాటలు ఆ వరుసలోనే చెప్పాలి. మన నర్సింగ్ విద్యార్థినులకు ఈ నాలుగూ కంఠస్థమే, పరీక్షలో రాస్తారు కూడా. కానీ ఫోన్ పట్టుకున్నాక మూడో మాట దగ్గరే గొంతు తగ్గుతుంది, నాలుగోది పెదవి దాటదు. "మీరు వచ్చి చూడాలి సార్" అని నర్సు అనడం మన దగ్గర ఎదురు చెప్పడం కిందకే వస్తుంది. హౌస్ సర్జన్‌కు పీజీ దగ్గర, పీజీకి అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర ఇదే ఇబ్బంది. కనుక ఆ నాలుగో మాట నర్సు ధైర్యం మీద ఆధారపడకూడదు. అది లేకుండా ఫోన్ పెట్టేయకూడదన్నది ఆసుపత్రి నియమం కావాలి. "నన్నేం చేయమంటారు సిస్టర్?" అని అడగడం డాక్టరుకు కూడా నియమమే కావాలి.

చెప్పినా వినబడని సందర్భం ఇంకా దారుణంగా ఉంటుంది. 2005లో ఇంగ్లండ్‌లో ఒక మహిళకు సాధారణ సైనస్ ఆపరేషన్ కోసం మత్తుమందు ఇచ్చాక శ్వాసనాళంలో గొట్టం అమర్చడం సాధ్యం కాలేదు. గదిలో అనుభవజ్ఞులైన కన్సల్టెంట్లు ఉన్నారు, పరికరాలూ ఉన్నాయి. ఒక నర్సు గొంతుకు రంధ్రం చేసే ట్రాకియాస్టమీ సెట్ తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. మరొక నర్సు ఐసీయూలో మంచం సిద్ధం చేయమని ఫోన్ చేసింది. అంటే ఏం చేయాలో నర్సులకు తోచింది. డాక్టర్లు గొట్టం వేసే ప్రయత్నంలోనే మునిగి ఉన్నారు. ఆమె తిరిగి స్పృహలోకి రాకుండానే కొన్ని రోజులకు మరణించింది. విమాన పైలట్ అయిన ఆమె భర్త ఈ సంగతులన్నీ విచారణ జరిపించి బయటికి తెప్పించాడు. ఎవరినీ శిక్షించమని పట్టుబట్టకుండా, బృందం ఎలా పనిచేసిందో అందరూ నేర్చుకోవాలని 2007లో క్లినికల్ హ్యూమన్ ఫ్యాక్టర్స్ గ్రూప్ అనే సంస్థను స్థాపించాడు. ఆయన వృత్తిలో ఈ పాఠం అప్పటికే పాతది. 1977 మార్చి 27న టెనెరిఫే విమానాశ్రయంలో రన్‌వే మీద రెండు జంబో జెట్‌లు ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం రన్‌వే ఇంకా ఖాళీ చేయలేదేమోనన్న అనుమానం కాక్‌పిట్‌లోని ఫ్లైట్ ఇంజనీరు వ్యక్తం చేసినా కెప్టెన్ ఆగలేదు. ఆ తర్వాతే కింది సిబ్బంది అభ్యంతరం చెప్పడం, పైవారు దాన్ని వినడం పైలట్ల శిక్షణలో భాగమయ్యాయి.

ఆపరేషన్ థియేటర్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల చెక్‌లిస్టు ఇచ్చింది. ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. కోత పెట్టేముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని చెప్పాలన్నది అందులో ఒక అంశం. ఇది మన నగరంలో వేళాకోళంగా కనిపిస్తుంది గాని, కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా చిన్న నర్సింగ్ హోముల్లో మత్తు డాక్టరు బయటినుంచి వస్తారు, ఆపరేషన్ కాగానే ఇంకో నర్సింగ్ హోముకు బయలుదేరతారు. అక్కడి థియేటర్ నర్సు పేరు వారికి తెలిసే అవకాశమే తక్కువ. పేరు తెలియని మనిషిని "ఒక్క నిమిషం ఆగండి" అనడం ఎవరికైనా కష్టమే. అయితే కాగితమే మందు కాదనడానికి కూడా రుజువుంది. కెనడాలోని ఒంటారియో ప్రావిన్సులో ఈ చెక్‌లిస్టును ఆసుపత్రులన్నింటా అమలు చేశాక మరణాల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదని 2014లో మరో అధ్యయనం తెలిపింది. దీనిపై నిపుణుల మధ్య వాదోపవాదాలు నడిచాయి. థియేటర్లలో పనిచేసినవారికి మాత్రం ఆశ్చర్యం కలగదు. రోగిని బల్ల మీదికి ఎక్కించకముందే అన్ని గడుల్లోనూ టిక్కులు పడిపోవడం చూడని నర్సు ఎవరు?

బృందం అంటే డాక్టర్లు, నర్సులే అనుకోవడం మనకున్న ఇంకొక లోపం. మగ వార్డుల్లో, ఆడ వార్డుల్లో, ఎక్కడైనా రోగికి బెడ్‌పాన్ పెట్టేది, తీసేది ఆయా. జీర్ణాశయంలో రక్తస్రావం అవుతుంటే విరేచనం నల్లగా, జిగటగా మారుతుంది. అది మొదట చూసేది ఆమే. "సిస్టరమ్మా, ఆ మూల మంచం తాతకు దొడ్డికి తారు లెక్క నల్లగ అయితుంది" అని ఆయా చెప్పిన మాటతో ఒక ముసలాయనకు సకాలంలో ఎండోస్కోపీ జరిగి, రక్తం ఎక్కించి బతికించిన సందర్భం నేను చూశాను. ఐరన్ మాత్రలు వేసుకున్నా విరేచనం నల్లబడుతుంది కాబట్టి ఆమె మాటే నిర్ధారణ కాదు, నిర్ధారించవలసిన పని డాక్టరుది. ఆ మాట డాక్టరు దాకా చేరే దారి ఉండాలి కదా. ఆమె కేస్ షీట్‌లో రాయదు, రౌండ్స్ జరుగుతుంటే ఆమెను వార్డు బయటికి పంపేస్తాం. డ్యూటీ దిగే ముందు ఆయాను, వార్డు బాయ్‌ని "కొత్తగా ఏమైనా చూశారా?" అని అడగడం హెడ్ నర్సు పనుల్లో చేరిస్తే సరిపోతుంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. కేరళ నుంచి కొత్తగా వచ్చిన సిస్టర్‌కు పాలమూరు రైతు చెప్పే బాధ పూర్తిగా అర్థం కాదు, పాతబస్తీ అమ్మమ్మ దక్కనీ ఉర్దూ అసలే అర్థం కాదు. ఆ రెండూ తెలిసినది చాలాసార్లు హౌస్‌కీపింగ్ అమ్మాయే.

నోటిమాట ఆర్డర్ల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, నాణ్యత గుర్తింపు ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ ఈ నియమం గోడకు అంటించే ఉంటుంది. ఫోనులో చెప్పిన మందును రాసుకుని, తిరిగి చదివి వినిపించి, అవునని అనిపించుకోవాలి. ఫిఫ్టీన్ ఫిఫ్టీలా వినిపిస్తుంది కనుక "వన్ ఫైవ్" అని విడగొట్టి చెప్పాలి. యూనిట్లు అన్న మాటకు బదులు ఇంగ్లిషు "యు" ఒక్కటే గీస్తే అది సున్నాలా కనబడి 10 యూనిట్ల ఇన్సులిన్ 100 అయిపోతుంది. ల్యాబ్ నుంచి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా 6.8కి చేరిందని ఫోన్ వస్తే ఎవరు ఎత్తారో, ఎవరికి చెప్పారో, ఎన్ని గంటలకో రాయాలి. గోడ మీద లేని కొత్త సమస్య మాత్రం వాట్సాప్. కన్సల్టెంట్ అభిప్రాయం పీజీల గ్రూపులో వస్తుంది, యాంటీబయాటిక్ మార్చమన్న మాటా అందులోనే వస్తుంది. మందు ఇవ్వవలసిన నర్సు ఆ గ్రూపులో ఉండదు. నీలం టిక్కులు పడ్డాయి కాబట్టి అందరికీ తెలిసిందని పైవారు అనుకుంటారు, కేస్ షీట్‌లో మాత్రం నిన్నటి మందే ఉంటుంది. కేస్ షీట్‌లో రాసి సంతకం పెట్టేదాకా ఆ సందేశం ఆర్డరు కాదని ప్రతి విభాగాధిపతీ స్పష్టంగా చెప్పాలి. రోగుల ఫొటోలు, రిపోర్టులు అందరి ఫోన్లలో తిరగడం గురించి ఇంకో ఉత్తరమే రాయవచ్చు.

ఎంబీబీఎస్‌లో 2019 నుంచి అమల్లోకి వచ్చిన పాఠ్యప్రణాళికలో ప్రవర్తన, నైతికత, సంభాషణలకు ప్రత్యేక భాగం చేర్చారు. సంతోషించవలసిన మార్పే. కానీ ఆ తరగతిలో వైద్య విద్యార్థులు మాత్రమే కూర్చుంటారు. నర్సింగ్ విద్యార్థినులు ఇంకో కాలేజీలో ఇంకో తరగతిలో ఇదే పాఠం చదువుతారు. ఇద్దరూ ఎదురుపడేది రాత్రి రెండింటికి, ప్రాణాపాయంలో ఉన్న రోగి మంచం దగ్గర. రాష్ట్రంలోని వైద్య, నర్సింగ్ కళాశాలలు రెండూ కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందే ఉన్నాయి. ఏడాదికి కొన్ని రోజులైనా ఆ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, బొమ్మ రోగిని మధ్యలో పెట్టి, అప్పగింతనూ అర్ధరాత్రి ఫోనునూ సాధన చేయించడం విశ్వవిద్యాలయానికి అసాధ్యమేమీ కాదు.

శిక్షణ ఎంత ఇచ్చినా, మాట్లాడుకోవడానికి సమయం లేని రోస్టరు దాన్ని వారంలో మింగేస్తుంది. అందుకే నా ప్రధాన విన్నపం ఆరోగ్య శాఖకు, ప్రైవేటు యాజమాన్యాలకు ఒకటే. మూడు డ్యూటీ మార్పుల్లోనూ అరగంట చొప్పున పాత, కొత్త సిబ్బంది ఇద్దరూ ఉండేలా రోస్టరును మార్చి, ఆ అరగంటను పనివేళగా గుర్తించండి. ఒక్కో పోస్టుకు రోజుకు గంటన్నర అదనపు ఖర్చు అవుతుంది, కాదనను. అన్ని వార్డుల్లో ఒక్కసారిగా కుదరకపోతే ఐసీయూలు, ఆపరేషన్ అయిన రోగులుండే వార్డులు, కాన్పుల వార్డులతో మొదలుపెట్టవచ్చు. ఒకే షిఫ్టులో ఇద్దరు ముగ్గురు నర్సులున్నచోట ఒకరిని ఒకటిన్నరకు, మిగిలినవారిని రెండింటికి రప్పిస్తే కొత్త పోస్టు లేకుండానే అరగంట దొరుకుతుంది. దీనికి సూపరింటెండెంట్ సర్క్యులర్ చాలు, సచివాలయం దాకా పోనక్కరలేదు. ఒక్కరే ఉండే వార్డుల్లో నెలకు 24 డ్యూటీలు చేసే నర్సు అరగంట చొప్పున అదనంగా చేసేది 12 గంటలు, అంటే రెండు పగటి డ్యూటీలు. ఆ రెండింటికి డబ్బు ఇవ్వలేమంటే ఆఫ్‌లు ఇవ్వండి, అవి రోస్టరులోనే ముందుగా రాసి ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
నల్లకుంట, హైదరాబాద్.